అయస్కాంతపు ముల్లు ఉలిక్కిపడే వేళ

1972 ఆగస్టు 4. వియత్నాం యుద్ధం ఇంకా నడుస్తోంది. ఉత్తర వియత్నాం రేవుల్ని దిగ్బంధించడానికి అమెరికా నౌకాదళం ఆ ఏడాది మే నెల నుంచి సముద్రంలో మైన్లు జారవిడుస్తూ వచ్చింది. ఆ రోజు హోన్ లా తీరం మీదుగా ఎగురుతున్న అమెరికా విమాన సిబ్బందికి కింద నీళ్లలో వరసగా పేలుళ్లు కనిపించాయి. దాదాపు రెండు డజన్ల మైన్లు అర నిమిషం లోపే వాటంతట అవే పేలిపోయాయి. ఎందుకు పేలాయో అక్కడున్న ఎవరికీ అంతుపట్టలేదు.

ఆ మైన్లు ఓడ తగిలితే పేలే రకం కాదు. ఇనుప ఓడ పక్కనుంచి వెళ్తే అక్కడి అయస్కాంత క్షేత్రం కొద్దిగా మారుతుంది. ఆ మార్పును పసిగట్టి పేలేలా వాటిని తయారుచేశారు. ఆ రోజు మార్పు వచ్చింది ఓడ వల్ల కాదు, సూర్యుడి వల్ల. సూర్యుడి మీద జరిగిన విస్ఫోటం నుంచి ఎగిసిన ప్లాస్మా మేఘం, మామూలుగా రెండు మూడు రోజులు పట్టే 15 కోట్ల కిలోమీటర్ల దూరాన్ని 15 గంటలలోపే దాటి వచ్చి భూమి అయస్కాంత కవచాన్ని ఢీకొట్టింది. మైన్లు పేలడానికి సౌర తుఫానే కారణమని నౌకాదళం విచారణలో తేలింది.

సౌర తుఫాను అనగానే మనకు ఆకాశంలో ఆకుపచ్చ, ఎరుపు కాంతుల ఫొటోలే గుర్తొస్తాయి. అవి చూడముచ్చటైనవే. కానీ నేల మీద మనుషులు కట్టుకున్న వ్యవస్థలకు ముప్పు తెచ్చేది ఆ వెలుగు కాదు. దానితోపాటు అయస్కాంత క్షేత్రంలో వచ్చే ఆకస్మిక మార్పు.

ఎంత మార్పు? హైదరాబాద్ ప్రాంతంలో భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం సుమారు 40 వేల నానోటెస్లాలు. తీవ్రమైన తుఫానులో అది కొన్ని వందలు తగ్గుతుంది. అంటే నూటికి ఒక వంతు, మహా అయితే ఇంకొంచెం. జేబులోని దిక్సూచిలో ఆ తేడా కనిపించనే కనిపించదు. అంత చిన్న మార్పు వందల టన్నుల ట్రాన్స్‌ఫార్మర్లను ఎలా కాల్చేస్తుంది?

జవాబు 1831లో మైకేల్ ఫారడే కనుక్కున్న సూత్రంలో ఉంది. తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం మారితే తీగలో విద్యుత్తు పుడుతుంది. ఎంత పుడుతుందన్నది క్షేత్రం ఎంత బలమైనదో దాని మీద కాక, ఎంత వేగంగా మారుతోందో దాని మీద ఆధారపడుతుంది. పాత సైకిళ్లకు డైనమో ఉండేది గుర్తుందా? అయస్కాంతం అదే, తీగచుట్ట అదే. మెల్లగా తొక్కితే దీపం మినుకుమంటుంది, జోరుగా తొక్కితే దారంతా వెలుగుతుంది. సౌర తుఫాను భూమికి చేసేదీ ఇదే. రోజంతా తీరిగ్గా 300 నానోటెస్లాలు మారితే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. అదే మార్పు ఒక్క నిమిషంలో జరిగితే వందల కిలోమీటర్ల విద్యుత్ లైన్లు, పైపులైన్లు, రైలు పట్టాలు అన్నీ తీగచుట్టలైపోతాయి.

ఈ ఆకస్మిక మార్పు మొదలయ్యే తీరు గమనించదగ్గది. సూర్యుడి నుంచి సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో ఎప్పుడూ ఒక గాలి వీస్తూనే ఉంటుంది. అది విద్యుదావేశం నిండిన కణాల గాలి, సౌర పవనం. దాన్ని భూమి అయస్కాంతావరణం పగటి వైపున సుమారు 65 వేల కిలోమీటర్ల దూరంలోనే అడ్డుకుని పక్కలకు మళ్లిస్తుంది. సూర్యుడు కోట్ల టన్నుల ప్లాస్మాను ఒక్కసారిగా విసిరినప్పుడు, దాని ముందు ఒక ఆఘాత తరంగం పుట్టి సౌర పవనాన్ని నెట్టుకుంటూ వస్తుంది. అది తగిలిన నిమిషాల్లోనే కవచం లోపలికి నొక్కుకుపోతుంది. ఒక్కోసారి 36 వేల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే మన టీవీ ప్రసారాల ఉపగ్రహాలు కూడా కవచం బయట పడిపోతాయి. కవచం అంచున ప్రవహించే విద్యుత్తు పెరగడంతో, నేల మీద ఉన్న దాదాపు ప్రతి అయస్కాంత పరిశీలన కేంద్రంలోనూ క్షేత్రాన్ని నమోదు చేసే గీత ఒకేసారి నిట్టనిలువుగా పైకి లేస్తుంది. జపాన్‌లోనూ, హవాయిలోనూ, హైదరాబాద్‌లోనూ దాదాపు అదే నిమిషంలో. శాస్త్రజ్ఞులు దీన్ని తుఫాను ఆకస్మిక ప్రారంభం అంటారు.

1991 మార్చి 24న వచ్చిన ఆకస్మిక ప్రారంభం లాంటిది చాలా అరుదు. మన గడియారంలో ఉదయం తొమ్మిది దాటిన కాసేపటికి జపాన్‌లోని కకియోకా కేంద్రంలో క్షేత్రం చూస్తుండగానే 200 నానోటెస్లాలు ఎగబాకింది. మామూలుగా ఈ ఎగుడు కొన్ని పదుల్లోనే ఉంటుంది. ఆ దెబ్బకు భూమి చుట్టూ ఉన్న వికిరణ వలయాల మధ్య కొత్త వలయమొకటి నిమిషాల్లో తయారైంది. అప్పుడు కక్ష్యలో ఉన్న సీఆర్ఆర్ఈఎస్ అనే ఉపగ్రహం దాన్ని నమోదు చేసింది. అంతరిక్షంలో ఏళ్ల తరబడి నిలిచే నిర్మాణం నిమిషాల్లో పుట్టగలదని ఆ రోజు వరకూ ఎవరూ అనుకోలేదు.

మొదటి దెబ్బ తర్వాత ఏం జరుగుతుందన్నది, వచ్చిన మేఘం తనతో మోసుకొచ్చిన అయస్కాంత క్షేత్రపు దిశను బట్టి ఉంటుంది. అది ఉత్తరానికి చూస్తుంటే కథ దాదాపు అంతటితో ఆగిపోతుంది. దక్షిణానికి చూస్తుంటే భూమి క్షేత్రంతో ముడిపడి, కవచానికి తలుపు తెరుస్తుంది. శక్తి లోపలికి చొరబడి, భూమి చుట్టూ వలయంలా విద్యుత్ ప్రవాహం బలపడుతుంది. అప్పుడు పైకి లేచిన గీత కిందికి పడిపోతుంది, గంటల తరబడి అలాగే ఉంటుంది. ధ్రువాల దగ్గర అయితే ఆకాశంలో ప్రవహించే కరెంటు ఉన్నట్టుండి ఉప్పెనలా పెరిగి, తగ్గి, మళ్లీ పెరుగుతుంది. అసలు వేగవంతమైన మార్పులన్నీ అక్కడే.

ఈ శాస్త్రానికి మన దేశంలో చాలా పాత చరిత్ర ఉంది. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ కారింగ్టన్ అనే ఖగోళ పరిశీలకుడు సూర్యుడి మచ్చల బొమ్మ గీసుకుంటుండగా వాటి మీద రెండు తెల్లని మెరుపులు వచ్చి, ఐదు నిమిషాల్లో మాయమయ్యాయి. పదిహేడు గంటలకు పైగా గడిచాక చరిత్రలో నమోదైన అతి పెద్ద అయస్కాంత తుఫాను భూమిని తాకింది. బోస్టన్, పోర్ట్‌లాండ్ మధ్య టెలిగ్రాఫ్ ఉద్యోగులు బ్యాటరీలు తీసేసి, లైన్లో దానంతట అది పుట్టిన కరెంటుతోనే కబుర్లు పంపుకున్నారు. యూరప్‌లోని ఫొటోగ్రాఫిక్ పరికరాల్లో గీత కాగితం దాటి బయటికి పోయింది.

బొంబాయిలోని కొలాబా పరిశీలనాలయంలో మాత్రం కొలతలు దొరికాయి. అక్కడ అప్పట్లో యంత్రం రాసుకోదు. వేలాడదీసిన అయస్కాంతం ఎంత తిరిగిందో మనిషి దుర్భిణిలోంచి చూసి పుస్తకంలో రాయాలి. మామూలు రోజుల్లో గంటకోసారి. సూచిక చెదిరిందని గమనించగానే పావుగంటకోసారి, ఆపైన ఐదు నిమిషాలకోసారి చూశారు. పగలు, ఉక్కపోతలో, ఇనుము వాడని గదిలో కన్ను దుర్భిణికి ఆనించి నిలబడి అంకెలు రాసిన ఆ ఉద్యోగుల పేర్లు నాకు తెలిస్తే ఇక్కడ రాసేవాణ్ని. వాళ్లు రాసిన పట్టికల్ని భారత భూ అయస్కాంత సంస్థ శాస్త్రజ్ఞులు లఖీనా, అలెక్స్, అమెరికాకు చెందిన సురుటానీ తదితరులతో కలిసి చదివి, క్షేత్రం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయిందని 2003లో ప్రకటించారు. కారింగ్టన్ తుఫాను ఎంత పెద్దదో తేల్చడానికి ప్రపంచమంతా ఇవాళ ఆ కొలాబా అంకెల్నే ఆధారంగా తీసుకుంటోంది.

తర్వాత బొంబాయి ట్రాములకు కరెంటు పెట్టాలని నిర్ణయించడంతో, ఆ కరెంటు అయస్కాంత కొలతల్ని చెడగొడుతుందని కేంద్రాన్ని అలీబాగ్‌కు మార్చారు. కొలాబాకు తొలి భారతీయ అధిపతి అయిన నానాభాయ్ అర్దేశిర్ ఫ్రాంజీ మూస్ ఆ పని దగ్గరుండి చేయించారు. పాత కేంద్రం కొలతలు, కొత్త కేంద్రం కొలతలు పొసగాలని 1904 నుంచి 1906 వరకు రెండు చోట్లా ఏకకాలంలో కొలిచారు. అంత పట్టింపు ఉంటేనే నూట ఎనభై ఏళ్ల వరస తెగకుండా నిలుస్తుంది. మన హైదరాబాద్‌లోనూ ఇదే జరిగింది. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1964లో ఉప్పల్ రోడ్డులోని తన ప్రాంగణంలో అయస్కాంత కేంద్రం పెట్టినప్పుడు చుట్టూ ఖాళీ స్థలమే. నగరం కమ్ముకున్నాక, ఆ అలజడికి దూరంగా చౌటుప్పల్‌లో మరో కేంద్రం నెలకొల్పారు.

సూర్యుడికీ దిక్సూచికీ సంబంధం ఉందంటే పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా పెద్ద పెద్దవాళ్లే ఒప్పుకోలేదు. 1892లో లార్డ్ కెల్విన్ లెక్కవేసి, ఎనిమిది గంటల తుఫానుకు సూర్యుడు నాలుగు నెలల వెలుగూ వేడిమీ అంత శక్తి ఖర్చుపెట్టాలి కాబట్టి అది జరగని పని అన్నాడు. సూర్యుడు అన్ని దిక్కులకూ ఒకేలా శక్తి పంపుతాడనుకోవడంతో వచ్చిన పొరపాటు అది. మేఘం ఒక దిక్కుకే విసిరేయబడుతుందని తెలియడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

ఇక 1989 మార్చి 13 దగ్గరికి వద్దాం. ఆకస్మిక మార్పు అంటే ఏమిటో విద్యుత్ ఇంజినీర్లకు తెలిసొచ్చిన రాత్రి అది. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రానికి కరెంటులో పెద్ద భాగం ఉత్తరాన జేమ్స్ బే దగ్గరి జలవిద్యుత్ కేంద్రాల నుంచి వస్తుంది. అక్కడి నుంచి మాంట్రియల్‌కు వెయ్యి కిలోమీటర్ల దూరం, 735 కిలోవోల్టుల లైన్లు. ఆ నేల కింద ఉన్నది కోట్ల ఏళ్ల నాటి గట్టి రాయి. అందులోంచి విద్యుత్తు సులువుగా పారదు. నేలలో దారి దొరకని కరెంటు, పైనున్న అల్యూమినియం తీగల్ని వెతుక్కుంటుంది. కిలోమీటరుకు ఒకటి రెండు వోల్టులంటే వినడానికి ఎంతో కాదు. వెయ్యి కిలోమీటర్ల లైనుకు లెక్కవేస్తే వేలల్లోకి వెళ్తుంది. నష్టం తగ్గించుకోవడానికి లైన్ల నిరోధాన్ని మనమే వీలైనంత తక్కువగా పెట్టుకున్నాం కదా, అందుకే చొరబడే కరెంటుకూ అడ్డు ఉండదు.

ఆ కరెంటు లోపలికి వచ్చే ద్వారం ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్. భద్రత కోసం దాన్ని నేలకు కలిపి ఎర్తింగ్ చేస్తారు. మన గ్రిడ్‌లో కరెంటు సెకనుకు 100 సార్లు, కెనడాలో 120 సార్లు దిశ మార్చుకుంటుంది. తుఫాను తెచ్చే కరెంటు నిమిషాలకోసారి మారుతుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ దృష్టిలో అది దాదాపు డీసీ. ఇనుప కోర్‌లో అయస్కాంతత్వం ఒకవైపుకు ఒరిగిపోయి, ప్రతి ఆవృత్తంలో సగభాగం అది నిండిపోతుంది. ఇక అందులో ఇమడని అయస్కాంత బలరేఖలు బయటికి పొంగి, ట్యాంకు గోడల్నీ బోల్టుల్నీ వేడెక్కిస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ గుర్‌మని మోగుతుంది. తరంగం ఆకృతి చెడి హార్మోనిక్స్ పుడతాయి. రక్షణ కోసం పెట్టిన రిలేలు వాటిని చూసి లోపం వచ్చిందనుకుని పరికరాల్ని లైన్ నుంచి తప్పిస్తాయి.

క్యూబెక్‌లో జరిగింది సరిగ్గా అదే. తెల్లవారుజామున 2.44కి అయస్కాంత క్షేత్రం నిమిషానికి దాదాపు 500 నానోటెస్లాల వేగంతో ఊగింది. వోల్టేజీని నిలకడగా ఉంచే ఏడు కాంపెన్సేటర్లు ఒకదాని వెనక ఒకటి నిమిషం తిరక్కుండానే ట్రిప్ అయ్యాయి. వాటి ఆసరా పోవడంతో జేమ్స్ బే లైన్లు తెగిపోయాయి. మొత్తం 90 సెకన్లలో గ్రిడ్ కుప్పకూలి, 21 వేల మెగావాట్లకు పైగా సరఫరా ఆగింది. గడ్డకట్టే చలిలో 60 లక్షల మంది తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు. కంట్రోల్ రూంలో ఉన్నవాళ్లకు ఏదైనా చేయడానికి ఒకటిన్నర నిమిషం ఎక్కడ సరిపోతుంది? అమెరికాలోని న్యూజెర్సీలో సేలం అణు విద్యుత్ కేంద్రం ట్రాన్స్‌ఫార్మర్ అదే తుఫానుకు కాలిపోయింది. ఆ అనుభవంతో క్యూబెక్ రిలేల అమరిక మార్చుకుంది, పొడవాటి లైన్లలో డీసీని ఆపే సిరీస్ కెపాసిటర్లు పెట్టింది.

ఇదంతా ధ్రువాల దగ్గరి వాళ్ల బాధ, మనకేంటి అనుకుంటే పొరపాటు. 2003 అక్టోబరు చివరి తుఫానుల్లో స్వీడన్‌లోని మాల్మో నగరంలో 50 వేల మందికి కరెంటు పోయిందంటే సరే, అది ఉత్తరాన ఉంది. అదే తుఫాను తర్వాత దక్షిణాఫ్రికాలో కూడా కొన్ని పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు నెలల్లో పాడయ్యాయి. నూనెలో కరిగిన వాయువుల్ని పరీక్షిస్తే, లోపల కాలడం తుఫాను రోజుల నుంచే మొదలైనట్టు తేలింది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క దెబ్బకే పోనక్కర్లేదు. లోపల కాగితపు ఇన్సులేషన్ కొంచెం మాడి, ఆ గాయంతోనే కొన్నాళ్లు పనిచేసి, ఏ ఎండాకాలపు లోడుకో కూలిపోవచ్చు. అప్పుడు దాన్ని సౌర తుఫాను ఖాతాలో ఎవరూ రాయరు.

మన దేశం ఇంకా దిగువన, అయస్కాంత మధ్యరేఖ పక్కనే ఉంది. ధ్రువ ప్రాంతపు ఉప్పెనలు ఇక్కడికి రావు, ముప్పు వాళ్లకంటే చాలా తక్కువ. ఇది నిజం. అయితే మనకొక ప్రత్యేకత ఉంది. తిరునెల్వేలి, తిరువనంతపురం ప్రాంతాల మీదుగా, నేలకు వంద కిలోమీటర్ల పైచిలుకు ఎత్తున పగటిపూట తూర్పు దిశగా విద్యుత్ ప్రవాహమొకటి పారుతుంది. మధ్యరేఖ విద్యుత్ ధార అంటారు దాన్ని. ఆఘాత తరంగం మనకు మధ్యాహ్నమైనప్పుడు తాకితే, ఈ ధార తోడై ఆకస్మిక ప్రారంభాన్ని పెంచుతుంది. అలీబాగ్‌లో కనిపించే ఎగుడు కంటే తిరునెల్వేలిలో అది బాగా ఎక్కువగా ఉంటుంది. పైగా తెలంగాణ, రాయలసీమ, కర్ణాటకల కింద ఉన్నది కూడా క్యూబెక్‌లో లాంటి అతిపురాతన గట్టి శిలే. దాని మీద 400, 765 కిలోవోల్టుల లైన్లు ఏటా పెరుగుతున్నాయి.

మన మీద నేరుగా పడే దెబ్బ మాత్రం కరెంటు కంటే ముందు నావిగేషన్‌కే. జీపీఎస్ సంకేతాలు అయనావరణంలోంచి రావాలి, మధ్యరేఖకు అటూ ఇటూ అది ప్రపంచంలోనే దట్టంగా ఉంటుంది. తిరుపతి పక్కన గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల రాడార్ ఈ పొరల్లోని అలజడుల్ని దశాబ్దాలుగా చూస్తోంది. 2024 మే 10, 11 తేదీల తుఫాను, 2003 తర్వాత అత్యున్నత తరగతికి చేరిన మొదటిది. లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. అమెరికాలో విత్తనాలు వేసే అదను, జీపీఎస్‌తో నడిచే ట్రాక్టర్లు సాలు తప్పాయి. ఉపగ్రహాల కష్టం వేరు. తుఫానుకు పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, తక్కువ ఎత్తులో తిరిగేవాటికి గాలి ఒరిపిడి పెరుగుతుంది. 2022 ఫిబ్రవరిలో ఒక మోస్తరు తుఫానుకే స్టార్‌లింక్ కొత్తగా వదిలిన 49 ఉపగ్రహాల్లో చాలావరకు కాలి రాలిపోయాయి.

ముందే తెలుసుకునే వీలుందా? మేఘం బయల్దేరడం కనిపిస్తుంది. కానీ దాని క్షేత్రం ఉత్తరానికి ఉందా, దక్షిణానికి ఉందా అన్నది మన దగ్గరికి వచ్చేదాకా నమ్మకంగా చెప్పలేం. దాన్ని కొలవడానికి భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందు, సూర్యుడి వైపున ఎల్1 బిందువు దగ్గర కాపలా నౌకలున్నాయి. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1 వాటిలో ఒకటి. ఆరు మీటర్ల కడ్డీకి తగిలించిన దాని అయస్కాంత మాపకాలు, వచ్చే గాలి క్షేత్రాన్ని అక్కడే చదువుతాయి. మామూలు వేగంతో వచ్చే గాలికి అక్కడి నుంచి భూమికి గంట పడుతుంది. సెకనుకు వెయ్యి కిలోమీటర్లతో వస్తే పాతిక నిమిషాలే. ఆ పాతిక నిమిషాల్లో గ్రిడ్ మీద భారం సర్దాలన్నా, ధ్రువాల మీదుగా వెళ్లే విమానాన్ని మళ్లించాలన్నా, ఏం చేయాలో ముందే రాసిపెట్టుకుని ఉండాలి.

ఈ సందర్భంగా ఒక మాట. రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు వస్తాయి, ఫోన్లు ఆపి దూరంగా పెట్టండి అనే వాట్సాప్ సందేశం ఏళ్లుగా తిరుగుతోంది. దాన్ని ఎవరికీ పంపకండి. ఎంత పెద్ద సౌర తుఫానైనా నేల మీదున్న మనిషి ఒంటికి హాని చేయదు. వాతావరణం, అయస్కాంత కవచం రెండూ మనల్ని కాస్తాయి. నష్టమంతా తీగలకు, ఉపగ్రహాలకు, రేడియో సంకేతాలకు. భయం తప్పుచోట పెడితే, జాగ్రత్త పడాల్సిన చోటు మరుగున పడుతుంది.

జాగ్రత్త పడాల్సిన చోటు సబ్‌స్టేషన్. కొలాబా ఉద్యోగులు ఐదు నిమిషాలకోసారి రాయడం వల్ల 1859 తుఫాను ఎంత లోతుకు పడిందో తెలిసింది. ఎంత వేగంగా పడిందన్నది ఆ అంకెల మధ్య ఖాళీల్లోనే ఉండిపోయింది. ఇవాళ హైదరాబాద్, చౌటుప్పల్ లాంటి కేంద్రాల్లోని ఆధునిక పరికరాలు సెకనుకోసారి కొలవగలవు. ఆ కొలతల పక్కన పెట్టి చూడాల్సింది మన పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ల న్యూట్రల్‌లో ఆ సెకన్లలోనే పారిన కరెంటు. ఒక సెన్సర్, ఒక రికార్డర్ పెట్టి కొలవగలిగిన విషయం ఇది. సౌర చక్రం 2024లో శిఖరానికి చేరింది కాబట్టి ఇక తీరికే అనుకోకూడదు. 2003 తుఫానులు కూడా అప్పటి శిఖరం దాటిన రెండు మూడేళ్లకే వచ్చాయి. విద్యుత్ సంస్థల ఇంజినీర్లూ, భూ అయస్కాంత శాస్త్రజ్ఞులూ కలిసి దక్షిణాది గ్రిడ్‌లోని ముఖ్యమైన 400, 765 కిలోవోల్టుల కేంద్రాల్లో ఈ కొలతలు నిరంతరం తీయాలి, ఆ అంకెలు మన విశ్వవిద్యాలయాల్లో చదువుకునే పిల్లలకు అందుబాటులో ఉంచాలి.